పదకొండు రోజులు ఎవరూ చూడని పసుపు త్రికోణం: టాస్క్‌బార్ సర్దుబాటు డైరీ

తెనాలిలో మా బాబాయి నడిపే డీటీపీ, జిరాక్స్ సెంటర్‌లో మూడు కంప్యూటర్లు ఉన్నాయి. మార్చి నెలలో ఒక పాత శుభలేఖ ఫైలు కావాలని బ్యాకప్ తెరిచి చూస్తే, అందులో చివరి కాపీ పదకొండు రోజుల కిందటిది. బ్యాకప్ ఖాతాలో జాగా నిండిపోయి కాపీలు తీయడం ఆగింది. ఆగిన సంగతి ఆ ప్రోగ్రామ్ చెప్పకపోలేదు, దాని ఐకాన్ మీద పసుపు త్రికోణం పడింది. అయితే ఆ ఐకాన్ గడియారం పక్కన బాణం గుర్తు నొక్కితే తెరుచుకునే పెట్టెలో ఉంది. పదకొండు రోజులూ ఆ పెట్టెను ఎవరూ తెరవలేదు.

టాస్క్‌బార్ మీద, అంటే తెర అడుగున ఉండే పట్టీ మీద, ఏ ఐకాన్ ఎప్పుడూ కంటికి కనబడాలి, ఏది పెట్టెలో ఉన్నా ఫర్వాలేదు అన్నది తేల్చుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది. అందులో ఎక్కువ భాగం తప్పులకే పోయింది. ఆ తప్పులు మీరు చేయకుండా ఉంటే ఇదంతా ఒక్క పూటలో అయ్యే పని.

మొదటి దశ: ఉన్నవాటి లెక్క (1, 2 రోజులు)

1. డిజైన్ టేబుల్: డెస్క్‌టాప్, విండోస్ 11, 1920×1080 తెర. ఐకాన్లు 14, బయట కనబడేవి 2.
2. కౌంటర్: 14 అంగుళాల ల్యాప్‌టాప్, విండోస్ 11, 1366×768 తెర. ఐకాన్లు 12, కనబడేవి 3.
3. స్కానర్ గది: పాత డెస్క్‌టాప్, విండోస్ 10. ఐకాన్లు 9, కనబడేవి 4.

పెట్టె తెరిచి ఉన్నవి లెక్కపెడితే సరిపోదు. పెన్‌డ్రైవ్ తీసేటప్పుడు వాడే ఐకాన్ పెన్‌డ్రైవ్ పెట్టినప్పుడే వస్తుంది. అందుకని ముందు పెన్‌డ్రైవ్ గుచ్చి, ప్రింటర్ ఆన్ చేసి, రోజూ వాడే ప్రోగ్రాములన్నీ ఒకసారి తెరిచి, ఆ తర్వాత లెక్కపెట్టాను. విండోస్ 11లో సెట్టింగ్స్, పర్సనలైజేషన్, టాస్క్‌బార్ వరుసలో వెళ్తే ‘అదర్ సిస్టమ్ ట్రే ఐకాన్స్’ అనే భాగం కింద జాబితా ఉంటుంది. విండోస్ 10లో అదే టాస్క్‌బార్ పేజీలో ‘నోటిఫికేషన్ ఏరియా’ కింద ఉంటుంది. పెట్టెలో ఉన్నవాటినీ ఈ జాబితానూ పక్కపక్కన పెట్టి సరిచూసుకోండి.

కొలత తీయడం తేలిక. ప్రింట్‌స్క్రీన్ కొట్టి, పెయింట్‌లో అతికించి, ఐకాన్ల వరుస చుట్టూ డబ్బా గీస్తే కింద పిక్సెళ్లు కనబడతాయి. వంద శాతం స్కేలింగ్‌లో, అంటే తెర మీది బొమ్మల సైజు పెంచకుండా ఉంచితే, విండోస్ 11 ఒక్కో ఐకాన్‌కు 32 పిక్సెళ్ల వెడల్పు ఇస్తోంది. విండోస్ 10లో అది 24. విండోస్ 11లో వైఫై, శబ్దం, బ్యాటరీ గుర్తులు మూడూ కలిసి ఒకే బొత్తం. వాటిని విడివిడిగా దాచడం కుదరదు కాబట్టి లెక్కలోకి తీసుకోలేదు. విండోస్ 10లో మాత్రం వాటిని ఒక్కొక్కటిగా తీసేయవచ్చు.

ఇప్పటివరకు: ఐకాన్లు 35, కనబడేవి 9, ఆక్రమించిన జాగా 256 పిక్సెళ్లు. సమయం 1 గంట 10 నిమిషాలు. ఖర్చు లేదు.

రెండో దశ: అన్నీ బయట పెట్టాను, అది తప్పు (3, 4 రోజులు)

దాచడం వల్లే నష్టం జరిగింది కాబట్టి ఏదీ దాచకూడదు అనుకున్నాను. విండోస్ 10లో అన్నీ ఎప్పుడూ చూపమని చెప్పడానికి ఒకే మీట ఉంది. విండోస్ 11 సెట్టింగ్స్‌లో అలాంటిది లేదు. జాబితాలో ఒక్కొక్కదాన్నీ ఆన్ చేసుకుంటూ పోవాలి. రెండు కంప్యూటర్లలో కలిపి 26 మీటలు.

కౌంటర్ ల్యాప్‌టాప్‌లో 12 ఐకాన్లు 384 పిక్సెళ్లు తిన్నాయి. 1366లో ఇది పాతిక శాతానికి పైనే. అక్కడ పనిచేసే అక్క తెరిచిన విండోలన్నీ పేర్లతో సహా విడివిడిగా కనబడేలా పెట్టుకుంటుంది. ఆధార్ కాపీ ఒకటి, దరఖాస్తు ఒకటి, ఫొటోల ఫోల్డరు ఒకటి అలా తెరిచి ఉంచి, పేరు చూసి నొక్కుతుంది. ఆ రోజు చివరి రెండు విండోలు మూడు చుక్కల గుర్తు వెనక్కి వెళ్లిపోయాయి.

“తమ్ముడూ, నా ఫైళ్లు తీసేసి ఈ బొమ్మలన్నీ ఎవరి కోసం పెట్టావు?” అని అడిగింది. ఆమె ప్రశ్న న్యాయమైనది.

జాగా పోవడం కన్నా పెద్ద లోపం మరొకటి బయటపడింది. నాలుగో రోజు ఉదయం 10:15కు ఎవరికీ చెప్పకుండా డిజైన్ టేబుల్ మీద బ్యాకప్ ఆపేశాను. గుర్తు మారింది, పద్నాలుగు ఐకాన్ల వరుసలో బయటే ఉంది. రాత్రి 8 గంటలకు షట్టర్ దించేదాకా ఒక్కరూ గమనించలేదు. దాచిన పెట్టెలో ఉన్నా, పద్నాలుగింటి మధ్య ఉన్నా ఫలితం ఒక్కటే అయింది.

ఇప్పటివరకు: కనబడేవి 35, జాగా 1048 పిక్సెళ్లు, పరీక్షలో గమనించినవారు సున్నా. సమయం 2 గంటలు.

మూడో దశ: జల్లెడ (5 నుంచి 9వ రోజు)

ఒక కాగితం మీద 35 పేర్లూ రాసి, ఒక్కోదానికీ మూడు ప్రశ్నలు వేశాను.

1. దీని బొమ్మ మారుతుందా? లేక ఎప్పుడూ ఒకేలా ఉండి, నొక్కడానికి మాత్రమే పనికొస్తుందా?
2. మారిన సంగతి గమనించకపోతే ఆ రోజు పని పాడవుతుందా?
3. ఆ సంగతిని తెర మూలలో వచ్చే సందేశం ద్వారా కూడా చెబుతుందా? చెబితే పెట్టెలో ఉన్నా ఫర్వాలేదు.

మొదటి ప్రశ్నకే 35లో 22 పడిపోయాయి. గ్రాఫిక్స్ కార్డు, శబ్దం డ్రైవరు, ఫాంట్ల ప్రోగ్రామ్, వీడియో కాల్ ప్రోగ్రామ్ లాంటివన్నీ ఒకే బొమ్మతో కూర్చునేవే. వాటితో పని పడినప్పుడు బాణం నొక్కి తెరుచుకోవచ్చు. విండోస్ కీ, బి కలిపి నొక్కితే మౌస్ అవసరం లేకుండా నేరుగా ఆ మూలకు వెళ్లవచ్చు, ఎంటర్ కొడితే పెట్టె తెరుచుకుంటుంది. రోజుకు ఎన్నిసార్లు వాడతాం అన్నది ఇక్కడ కొలబద్ద కాదని కాగితం మీద చూశాకే నాకు అర్థమైంది. వీడియో కాల్ ఐకాన్‌ను రోజూ వాడతాం, అయినా అది కొత్తగా చెప్పేది ఏమీ లేదు. బ్యాకప్ ఐకాన్‌ను నెలకొకసారి కూడా నొక్కం, కానీ అది మారితే తెలియాలి.

మూడో ప్రశ్న దగ్గర పొరపాటు చేశాను. యూపీఎస్ ప్రోగ్రామ్ అన్ని సంగతులూ సందేశంగా పంపుతుంది కాబట్టి దాన్ని పెట్టెలోకి పంపాను. ఆరో రోజున టేబుల్ జరిపినప్పుడు యూపీఎస్‌కూ డెస్క్‌టాప్‌కూ మధ్య ఉన్న యూఎస్‌బీ కేబుల్ వదులైంది. యూపీఎస్‌తో సంబంధం తెగిందని ప్రోగ్రామ్ గుర్తించింది. సందేశం మాత్రం తెర మీదికి రాలేదు. ఎనిమిదో రోజు మధ్యాహ్నం రెండు గంటలకు కరెంటు పోయింది, ఆపరేటర్ భోజనానికి వెళ్లాడు. కేబుల్ బాగుంటే బ్యాటరీ తగ్గగానే కంప్యూటర్ తనంతట తాను నిద్రాణ స్థితిలోకి వెళ్లాలి. సంబంధం లేదు కనుక చివరి చుక్క దాకా నడిచి ఒక్కసారిగా ఆరిపోయింది. నలభై నిమిషాల ప్రూఫు దిద్దుబాట్లు పోయాయి.

సందేశం ఎందుకు రాలేదో వెతకడానికి ఒక సాయంత్రం పట్టింది. డిజైన్ టేబుల్‌కు కస్టమర్ వైపు తిప్పిన రెండో మానిటర్ ఉంది. ప్రూఫు చూసుకోవడానికి వీలుగా రెండు తెరల మీదా ఒకే దృశ్యం వచ్చేలా పెట్టాం. సెట్టింగ్స్‌లో సిస్టమ్, నోటిఫికేషన్స్ పేజీ తెరిస్తే ‘డు నాట్ డిస్టర్బ్’ తనంతట తాను ఎప్పుడు మొదలవ్వాలో చెప్పే నిబంధనలు ఉంటాయి. తెరను నకలు చేస్తున్నప్పుడు అన్నది వాటిలో ఒకటి, మా కంప్యూటర్‌లో అది టిక్ అయి ఉంది. అంటే మా డిజైన్ టేబుల్ మీద పగలంతా సందేశాలు మూగబోతున్నాయి.

ఆ నిబంధన తీసేద్దామని చేయి వెళ్లింది, తీయలేదు. కస్టమర్ చూస్తున్న తెర మీద మన ఇంటి సందేశాలు, బ్యాంకు సందేశాలు కనబడకూడదు. ఆ నిబంధన ఉండాల్సిందే. మరి సందేశం మీద ఆధారపడలేనప్పుడు మిగిలేది ఐకాన్ ఒక్కటే. మూడో ప్రశ్నను కాగితం మీద కొట్టేశాను.

పెన్‌డ్రైవ్ ఐకాన్ గురించి కొంచెం చెప్పాలి. 2018 చివర్లో వచ్చిన విండోస్ 10, 1809 వెర్షన్ నుంచి పెన్‌డ్రైవ్‌లను వెంటనే తీసినా నష్టం లేని పద్ధతిలో వాడటం మామూలైంది. ఆ లెక్కన ఈ ఐకాన్ అక్కర్లేదు అనిపిస్తుంది. కానీ ఆ వెసులుబాటు రాయడం పూర్తయ్యాకే. 300 పేజీల స్కాన్ ఇంకా కాపీ అవుతుండగానే “అయిపోయిందా అమ్మా” అంటూ చేయి చాచే కస్టమర్లు ఉంటారు. ఆ ఐకాన్ నొక్కి, తీయవచ్చు అన్న మాట వచ్చాకే ఇవ్వాలన్నది కౌంటర్‌లో నియమం చేశాం. సెట్టింగ్స్ జాబితాలో మాకు ఇది ‘విండోస్ ఎక్స్‌ప్లోరర్’ పేరుతో కనబడింది, అదే పేరుతో మరో వరుస కూడా ఉంది. పెన్‌డ్రైవ్ గుచ్చి ఉంచి ఒక్కో మీటా మార్చి చూస్తే ఏది ఏదో తెలిసిపోతుంది.

చివరికి బయట నిలిచినవి:

1. డిజైన్ టేబుల్: బ్యాకప్, యూపీఎస్, తెలుగు కీబోర్డు ప్రోగ్రామ్. 96 పిక్సెళ్లు.
2. కౌంటర్: బ్యాకప్, పెన్‌డ్రైవ్, ప్రింటర్ సిరా చూపేది, విండోస్ సెక్యూరిటీ. 128 పిక్సెళ్లు.
3. స్కానర్ గది: పెన్‌డ్రైవ్, విండోస్ సెక్యూరిటీ. 48 పిక్సెళ్లు.

విండోస్‌లో ఉన్న తెలుగు కీబోర్డు వాడేవారికి భాష మారిన గుర్తు గడియారం దగ్గరే కనబడుతుంది. ప్రింటింగ్ పనికి మేము పాత ఫాంట్లు వాడతాం, వాటి లేఅవుట్‌కు వేరే ప్రోగ్రామ్ ఉంది. తెలుగు ఆన్‌లో ఉన్నప్పుడు దాని రంగు మారుతుంది. అది కనబడకపోతే ఈమెయిల్ చిరునామా కొట్టబోయి అక్షరాల గజిబిజి కొడతారు.

మొదటి రోజు కనబడినవి తొమ్మిది, ఇప్పుడు కనబడేవీ తొమ్మిదే. కానీ ఆ తొమ్మిదిలో రెండు మాత్రమే మిగిలాయి, తక్కినవన్నీ కొత్తగా బయటికి వచ్చినవి.

ఇప్పటివరకు: కనబడేవి 9, జాగా 272 పిక్సెళ్లు. సమయం 5 గంటల 30 నిమిషాలు. కొత్త యూఎస్‌బీ కేబుల్‌కు 180 రూపాయలు.

నాలుగో దశ: అసలు నడవనక్కర్లేనివి (10వ రోజు)

దాచినంత మాత్రాన ప్రోగ్రామ్ ఆగదు, పెట్టెలో కూర్చుని మెమరీ వాడుతూనే ఉంటుంది. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ పేజీ తెరిచి, రోజూ అక్కర్లేని పదకొండింటిని ఆపాను. ఐకాన్లు 35 నుంచి 24 అయ్యాయి. కౌంటర్ ల్యాప్‌టాప్ పాస్‌వర్డ్ కొట్టాక పనికి సిద్ధమవడానికి 1 నిమిషం 48 సెకన్లు పట్టేది, 1 నిమిషం 10 సెకన్లకు వచ్చింది. ఈ దశ మొదట్లోనే చేసి ఉంటే జల్లెడ పట్టాల్సిన పేర్లు తగ్గేవి. మీరు దీనితోనే మొదలుపెట్టండి.

సమయం: 6 గంటల 10 నిమిషాలు.

ఐదో దశ: అప్‌డేట్ వచ్చి చెరిపేసింది (13, 14 రోజులు)

పదమూడో రోజు ఉదయం డిజైన్ టేబుల్ మీద బ్యాకప్ ఐకాన్ లేదు. పెట్టెలో ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. సెట్టింగ్స్ జాబితా చూస్తే అదే పేరు రెండు వరుసల్లో ఉంది, ఒకటి ఆన్, ఒకటి ఆఫ్.

కారణం ఇది. విండోస్ చాలా ఐకాన్లను పేరుతో కాకుండా, ఆ ప్రోగ్రామ్ ఫైలు ఏ ఫోల్డరులో ఉందో ఆ దారితో గుర్తుపెట్టుకుంటుంది. కొన్ని ప్రోగ్రాములు అప్‌డేట్ అయిన ప్రతిసారీ వెర్షన్ నంబరుతో కొత్త ఫోల్డరు చేసుకుని అందులోకి మారతాయి. దారి మారింది కనుక విండోస్ దృష్టిలో అది కొత్త ఐకాన్. కొత్త ఐకాన్ చోటు పెట్టెలోనే.

ఈ జ్ఞాపకం విండోస్ 11లో రెజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే చోట ఉంటుంది. రెజిస్ట్రీ ఎడిటర్ తెరిచి, ‘కరెంట్ యూజర్’ కింద ‘కంట్రోల్ ప్యానెల్’, దాని కింద ‘నోటిఫై ఐకాన్ సెట్టింగ్స్’ అనే ఫోల్డరు చూడండి. లోపల పొడవాటి అంకెలే పేర్లుగా చిన్న ఫోల్డర్లు ఉంటాయి. ఒక్కోదానిలో ‘ఎగ్జిక్యూటబుల్ పాత్’ అన్నది ప్రోగ్రామ్ దారి. ‘ఈజ్ ప్రమోటెడ్’ విలువ 1 అయితే ఐకాన్ బయట, 0 అయితే పెట్టెలో. మా డిజైన్ టేబుల్‌లో ఇలాంటివి 41 ఉన్నాయి.

పాతవి తీసేసిన క్రమం:

1. ఆ ఫోల్డరు మొత్తాన్ని ముందుగా ఎక్స్‌పోర్ట్ చేసి ఫైలుగా దాచాను.
2. ఒక్కో దారినీ చూసి, ఆ చోట ఇప్పుడు ఫైలు లేకపోతే ఆ ఫోల్డరు తొలగించాను.
3. టాస్క్ మేనేజర్‌లో విండోస్ ఎక్స్‌ప్లోరర్‌ను రీస్టార్ట్ చేశాను.

రెండో మెట్టు దగ్గర యూపీఎస్ ఐకాన్‌ను కూడా పోగొట్టాను. కొన్ని దారులు సి డ్రైవ్ పేరుతో కాకుండా కర్లీ బ్రాకెట్లలో పొడవాటి సంకేతంతో మొదలవుతాయి. అది చెడిపోయిన దారి అనుకున్నాను. నిజానికి ఆ సంకేతం ప్రోగ్రామ్ ఫైల్స్ లాంటి సిస్టమ్ ఫోల్డరుకు మారుపేరు. యూపీఎస్ ఐకాన్ పెట్టెలో పడింది, దాచిన ఫైలు చూసి తప్పు తెలుసుకుని మళ్లీ ఆన్ చేశాను. మీ జాబితాలో అలాంటి దారి కనబడితే తొలగించకండి.

విండోస్ 10లో ఈ జ్ఞాపకమంతా చదవడానికి వీల్లేని ఒకే ముద్దగా ఉంటుంది, అందులో ఒక్కోదాన్ని చేత్తో ఏరడం కష్టం. పైగా ఆ విండోస్‌కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. కనుక స్కానర్ గది కంప్యూటర్ మీద ఇక శ్రమ పెట్టలేదు.

ఇప్పటివరకు: 41లో తొలగించినవి 28, వాటిలో ఒకటి తప్పు. సమయం 8 గంటల 25 నిమిషాలు.

ఆరో దశ: తనంతట తాను సరిదిద్దుకునే స్క్రిప్టు (15 నుంచి 18వ రోజు)

అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ చేత్తో సరిచేయడం జరిగే పని కాదు. విండోస్‌తోనే వచ్చే పవర్‌షెల్‌లో పది వరుసల స్క్రిప్టు, అంటే కంప్యూటర్ తనంతట తాను అమలు చేసే ఆదేశాల ఫైలు, రాశాను. అది చేసేది ఒక్కటే: చిన్న ఫోల్డర్లన్నీ తిరిగి, దారి చివర ఉన్న ఫైలు పేరు నా జాబితాలో ఉంటే ‘ఈజ్ ప్రమోటెడ్’ను 1 చేస్తుంది. దారి మొత్తాన్ని కాక చివరి పేరును మాత్రమే పోల్చడం ముఖ్యం, ఎందుకంటే మారేది మధ్యలోని వెర్షన్ ఫోల్డరే. పెన్‌డ్రైవ్ ఐకాన్‌ను ఈ జాబితాలో చేర్చలేదు. అది ఎక్స్‌ప్లోరర్‌దే, దాని దారి మారదు.

మూడుసార్లు విఫలమైంది.

1. స్క్రిప్టు నడవనే లేదు. విండోస్‌లో మొదట స్క్రిప్టు ఫైళ్లకు అనుమతి ఉండదు. సొంతంగా రాసుకున్న స్క్రిప్టులను నడవనిచ్చే ‘రిమోట్ సైన్డ్’ విధానానికి మార్చాక నడిచింది.
2. చెప్పిన వేళకు ప్రోగ్రాములు నడిపే టాస్క్ షెడ్యూలర్‌లో అడ్మిన్ ఖాతా పేరుతో పెట్టాను. నడిచింది, మార్పు మాత్రం కనబడలేదు. ఐకాన్ల జ్ఞాపకం ఒక్కో యూజర్‌కు వేరుగా ఉంటుంది, నా స్క్రిప్టు అడ్మిన్ ఖాతాలో మార్చుకుంటూ కూర్చుంది. ఆపరేటర్ లాగిన్ అయ్యే ఖాతాతోనే నడిపించాలి.
3. లాగిన్ కాగానే నడిచేలా పెట్టాను. బ్యాకప్ ప్రోగ్రామ్ మొదలవడానికి 40 సెకన్లు పడుతోంది, అప్‌డేట్ అయిన రోజున దాని కొత్త ఫోల్డరు అప్పటికి పుట్టనే లేదు. ఒక నిమిషం ఆలస్యం పెట్టాక సరిపోయింది.

పద్దెనిమిదో రోజు పరీక్షించడానికి రెండు విండోస్ 11 కంప్యూటర్లలో కలిపి నాలుగు ఐకాన్లను చేత్తో పెట్టెలోకి తోసి, రీస్టార్ట్ చేశాను. లాగిన్ అయిన నిమిషానికి నాలుగూ బయటికి వచ్చాయి.

ఇప్పటివరకు: సమయం 11 గంటల 25 నిమిషాలు. ఖర్చు 180 రూపాయలు.

ఏడో దశ: వరుస, మళ్లీ అదే పరీక్ష (19 నుంచి 21వ రోజు)

19వ రోజు ఉదయం 10:15కు మళ్లీ బ్యాకప్ ఆపాను, ఎవరికీ చెప్పలేదు. డిజైన్ టేబుల్ ఆపరేటర్ 10:41కు అడిగాడు. ఇరవై ఆరు నిమిషాలు.

అప్పటికి బ్యాకప్ ఐకాన్ మూడింటిలో ఎడమ చివర, బాణం పక్కన ఉంది. ఐకాన్లను మౌస్‌తో పట్టి లాగి వరుస మార్చవచ్చు. దాన్ని కుడి చివరికి, అంటే గడియారం వైపుకు తెచ్చాను. దుకాణంలో అందరూ టైము చూడటానికి అటే చూస్తారు.

21వ రోజు కౌంటర్ మీద కూడా అదే వరుస పెట్టి, సాయంత్రం 4:30కు బ్యాకప్ ఆపాను. అక్క జిరాక్స్ మెషీన్ దగ్గర ఉంది. డబ్బులు తీసుకోవడానికి కౌంటర్‌కు వచ్చిన బాబాయి టైము చూసి, అక్కడే ఆగాడు.

“ఒరే, ఈ పసుపు గుర్తు ఏమిటిరా? పొద్దున లేదే?”

అప్పుడు 4:36.

కౌంటర్ గోడకు ఒక కాగితం అంటించాం. మూడు కంప్యూటర్లలో బయట ఉండాల్సిన తొమ్మిది ఐకాన్ల పేర్లు, అవి మామూలుగా ఉన్నప్పుడు ఏ రంగులో ఉంటాయో, మారితే ఎవరికి చెప్పాలో రాసి ఉంది. స్కానర్ గదిలో స్క్రిప్టు లేదు కనుక అక్కడి రెండింటినీ సోమవారం ఉదయం కంటితో చూసి టిక్ పెట్టే పని అక్క తీసుకుంది. ఆ కంప్యూటర్ మార్చాక ఐదో దశ, ఆరో దశ అక్కడ కూడా చేయాలి.